ఏడో గదిలో బాణం

మా వీధిలో ఆమెను దుప్పట్లక్క అంటారు. వీధి చివరనున్న లాడ్జిలో పదహారేళ్లుగా గదులు సర్దుతోంది. ఆమె పరిచిన దుప్పటి మీద ముడత కనిపించాలంటే కళ్లద్దాలు కావాలి. నేను ఒకసారి పనిగట్టుకుని కళ్లద్దాలతో వెళ్లి చూశాను, అయినా దొరకలేదు.

ఐదేళ్ల కిందట యజమాని ఆ లాడ్జిని ముస్లిం యాత్రికులకు అనువుగా మార్చాడు. కింద ఉన్న బారు ఎత్తేశాడు. వంటింట్లోకి హలాల్ మాంసం తప్ప మరొకటి రానివ్వలేదు. ప్రతి గదిలో నమాజు చాప, పైకప్పు మీద మక్కా వైపు చూపే ఆకుపచ్చ బాణం పెట్టించాడు. దుప్పట్లక్కది వేరే మతం. అయినా ఆ పద్ధతులన్నీ ఇట్టే పట్టేసింది. ఏ గదిలోనైనా మంచం తలవైపే మక్కా అని గుర్తు పెట్టుకుంది. చాపను కాలితో తాకేది కాదు. అతిథులు వెళ్తూ వెళ్తూ సేవ ఎలా ఉందో చీటీ మీద రాస్తారు. ఆమె గదులకు ఎప్పుడూ ‘చాలా బాగుంది’ అనే వచ్చేది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నడుం నొప్పి కూడా మాయమైపోయేది.

అలాంటి మనిషి పోయిన ఏడాది ఓ మధ్యాహ్నం మా ఇంటికొచ్చి, ఇచ్చిన మంచినీళ్లు తాగకుండా చేతిలో పట్టుకుని కూర్చుంది. నా కడుపులో మాట దాగదు. ఎదుటివాళ్ల కడుపులో దాగినా నేను ఊరుకోలేను. గుచ్చి గుచ్చి అడిగాను.

ఏడో గదిలో చాప తిరుగుతోందట. పొద్దున బాణం వైపు సరిగ్గా పరిచి వస్తుందట. అతిథులు ఖాళీ చేశాక చూస్తే అడ్డంగా తిరిగి ఉంటుందట. ఎవరు దిగినా అంతే.

“ఆమే పిన్నీ, ఆ పెద్దామె. నామీద కోపంతో తిప్పుతోంది” అంది.

పెద్దామె సంగతి అప్పుడే చెప్పింది. అంతకు నాలుగు నెలల ముందు కొడుకు కుటుంబంతో వచ్చి ఏడో గదిలో దిగింది. ఆమెకు చూపు లేదు. వాళ్లు ఊరు చూడటానికి వెళ్తే ఆమె గదిలోనే ఉండేది. నమాజు వేళకు దుప్పట్లక్కను పిలిచి, ఎటు తిరగాలో అడిగేది. ఈమె చెయ్యి పట్టుకుని చాప మీద నిలబెట్టేది. ఏళ్లుగా మాట్లాడని పెద్దకూతురు ఒక్కసారి పలకాలని ఆ నాలుగు రోజులూ దువా చేసింది. ఇంటికెళ్లిన నెలకే పోయిందని కొడుకు లాడ్జికి కబురు చేశాడు. చాప తిరగడం ఆ తర్వాతే దుప్పట్లక్క కంటబడింది.

దెయ్యాలు కూడా చీటీ మీద రాసి వెళ్తే బాగుండేది అన్నాను. ఆమె నవ్వలేదు. మర్నాడు ఆమె వెంటే వెళ్లి, ఏడో గదిలో దిగిన చంటిబిడ్డ తల్లిని నేనే అడిగేశాను. ఆ అమ్మాయి మొహమాటంగా ఫోనులో దిక్సూచి చూపించింది. మక్కా ఉన్నది బాణం వైపు కాదు, తలుపు వైపు.

“అక్క చాప ఎంత అందంగా పరిచిందో చూశాక చెప్పబుద్ధి కాలేదమ్మా. మేమే తిప్పుకున్నాం. అంత మాత్రానికి ఎవరైనా ఫిర్యాదు రాస్తారా?”

దుప్పట్లక్క పైకప్పుకేసి చూస్తూ అలాగే నిలబడిపోయింది. పెద్దామె రాకముందే ఆ గదికి సున్నం వేసినవాళ్లు బాణాన్ని గీకేశారు. మంచాన్ని ఇంకో గోడకు జరిపి వదిలేశారు. యజమాని ఊళ్లో లేడు, అతిథులు వచ్చే వేళైంది. కొత్త బాణం తెచ్చి, అలవాటు చొప్పున మంచం తలవైపుకు ఆమే అంటించింది. ఫోనున్నవాళ్లు సరిచేసుకున్నారు. చూపు లేని పెద్దామె మాత్రం ఈమె చేతిని నమ్ముకుంది.

ఆ రోజే బాణాన్ని తలుపు వైపుకు మార్చింది. వారం రోజులు అన్నం సరిగా తినలేదు. చివరికి రిజిస్టరులోని పెద్దామె కొడుకు నంబరుకు మా ఇంటి నుంచే ఫోను చేసింది. తప్పంతా చెప్పి, పెద్దకూతురు వచ్చిందా అని అడిగింది.

కొడుకు నెమ్మదిగా అన్నాడు. “చూపులేనివాళ్లు అడిగి తిరిగితే చాలమ్మా, నమాజు చెల్లుతుంది. మా మతంలో దానికి తప్పు పట్టరు. మీరు మనసులో పెట్టుకోకండి.” ఆగి, “అక్క మాత్రం రాలేదు” అన్నాడు.

మొదటి మాట ఆమెకు వినిపించనే లేదనుకుంటాను. రెండోదాన్నే పట్టుకుని తిరిగింది. ఆ తర్వాత ఎవరు దిగినా చాప కదల్లేదు. ఇక కుదుటపడుతుందిలే అనుకున్నాను.

మొన్న నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. ఏడో గది మూడు రోజులుగా ఖాళీ. తాళం ఆమె కొంగునే ఉంది. లోపల చాప తప్పుగా అంటించిన పాత బాణం వైపు తిరిగి ఉంది. ఎవరో ఊడుస్తూ కదిపారేమో అన్నాను. ఊడ్చేది తనేనట.

“బాణం మార్చానని ఆమెకెవరు చెప్పారు పిన్నీ? ఇంకా నేను చెప్పినవైపే నిలబడి కూతుర్ని అడుగుతోంది.”

చాపను తలుపు వైపుకు సరిగ్గా తిప్పి పరిచింది. తర్వాత ఖాళీ గదిలోకి చెయ్యి చాచి, ముసలివాళ్లను నడిపించినట్టు మెల్లగా రెండడుగులు వేసింది.

“ఇటమ్మా,” అంది. “అప్పుడు తప్పు చెప్పాను. ఇటు.”

నేను తలుపుకు అడ్డంగా నిలబడి ఉన్నాను. ఎందుకో పక్కకు తప్పుకున్నాను.