అమ్మ నెత్తి మీద ఇంగ్లిష్

ఫిల్మ్ నగర్ షూటింగుల్లో చాలా ఏళ్లుగా హీరోయిన్లకు జడలు వేస్తున్నాను. దువ్వెన పట్టిన చేతికి భాషతో పనేమిటని నా పొగరు. దాన్ని ప్రొడక్షన్ మేనేజర్ ఒక్క మాటతో దించేశాడు.

“ఏమ్మా, ఈసారి హీరోయిన్‌కి తెలుగు రాదు. నీకు ఇంగ్లిష్ రాకపోతే ముంబై నుంచి హెయిర్ డ్రెస్సర్‌ని పిలిపిస్తాం. మొదటి రోజు చూసి చెప్తాను.”

సినిమా మొత్తానికి దొరికే పని అది. ఒళ్లు మండింది, భయమూ వేసింది.

రహమత్ నగర్‌లో మా ఇంట్లో ఫోన్‌లో ఇంగ్లిష్ పాఠాలు పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క ‘పుట్’కే అప్, ఆఫ్, ఆన్, అవుట్ అని ఇన్ని తోకలు! ఎంత బట్టీ పట్టినా తెల్లారేసరికి ఒక్కటీ మిగల్లేదు. చివరికి అమ్మను పీట మీద కూర్చోబెట్టాను. ‘పుట్ అప్’ అంటూ కొప్పు పెట్టాను. ‘లెట్ డౌన్’ అంటూ విప్పాను. ‘టై బ్యాక్’ అంటూ వెనక్కి కట్టాను. చేతికి పట్టుబడిన మాట నోటికీ పట్టుబడింది. సిట్ డౌన్, హోల్డ్ ఆన్, హరీ అప్ కూడా అమ్మ మీదే వాడాను.

“ఏందే గిది? నా నెత్తే దొరికిందా నీకు? ఉన్న నాలుగు ఎంట్రుకలు ఊడిపోతయ్” అని తిట్టింది. మర్నాడు మాత్రం చాయ్ తాగి తనే వచ్చి కూర్చుంది. “కానియ్యి. ఇయ్యాల ఏం నేర్చుకుంటవ్?”

జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో షూటింగ్ మొదలైంది. నా పరీక్ష చూడటానికి మేనేజర్ కారవాన్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. హీరోయిన్ ‘పుట్ ఇట్ అప్’ అంది. కొప్పు పెట్టాను. ‘లెట్ ఇట్ డౌన్’ అంది. విప్పాను. ప్రాణం కుదుటపడింది. అంతలో ముందు జుట్టు చూపించి ‘థిన్ ఇట్ అవుట్’ అంది. అదేమిటో నాకు తెలియలేదు. అమ్మ జుట్టే పలచన, ఆ మాట మా ఇంట్లో అవసరమే పడలేదు.

కత్తెర చేతిలోనే ఉంది. తల ఊపేసి ఏదో ఒకటి కత్తిరించేద్దామా అనిపించింది. కానీ తెగిన జుట్టు మళ్లీ అతకదు. మేనేజర్ వింటున్నాడని తెలిసీ నోరు విప్పాను.

“హోల్డ్ ఆన్ మేడమ్. థిన్ అవుట్, ఐ డోంట్ నో. ప్లీజ్ షో మీ.”

ఇక పని పోయినట్టే అనుకున్నాను. ఆమె కొన్ని వెంట్రుకలు వేళ్ల మధ్య పట్టి, ఒత్తు తగ్గించమని చూపించింది. తగ్గించాను. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది. మేనేజర్ గొంతు సవరించుకుని, ముంబైకి ఫోన్ చేయమంటారా అని ఇంగ్లిష్‌లో అడిగాడు.

“నో. షీ ఆస్క్స్ బిఫోర్ షీ కట్స్” అంది ఆమె.

కత్తిరించే ముందు అడుగుతానట. ప్రతి మాటా నాకు అర్థమైంది. మర్నాడు ఎన్నింటికి రావాలో మేనేజర్‌ని అడగలేదు. ఆమెనే, ఇంగ్లిష్‌లో అడిగాను.