ఏ పిట్ట?

మా వదినకి "పిట్ట" అన్న మాట వింటే ఒళ్ళు మండేది. వదినంటే మా ఆయన అక్కగారు. మారేడ్‌పల్లిలో మా మేడమీద వాటాలో ఒక్కతే ఉంటుంది. ఆడపిల్లల బళ్ళో సైన్సు చెప్పి రిటైరైంది. పెళ్ళి ఊసు ఎవర్నీ ఎత్తనివ్వలేదు. నేను కాపురానికొచ్చిన కొత్తలో డాబా మీద బట్టలారేస్తూ, ఏదో పలకరింపుగా, "వదినగారూ, జామచెట్టు మీద పిట్ట వాలిందండీ" అన్నాను.

"ఏ పిట్ట?" అంది.

"ఏదో పిట్ట లెండి."

"ఇంటికెవరైనా వస్తే ఏదో మనిషి వచ్చాడంటావా? దానికో పేరుంటుంది. పేరు చెప్పు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పట్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది, ఇప్పుడూ పెద్దగా దిగలేదనుకోండి. ఆవిడ కాఫీ గ్లాసు పెట్టిన గోడ చూపించి, "మరి దీన్నేమనాలండీ? పిట్టగోడ అనచ్చా, ఏ పిట్టదో కనుక్కుని అనాలా?" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, పకపకా నవ్వింది. నవ్వి నవ్వి గ్లాసు కిందికి తోసేసింది కూడా. ఆ రోజు నుంచీ మాకు ఇద్దరికీ జత కుదిరింది.

వదినకి ఒక పొడుగు నోటుబుక్కు ఉంది, బ్రౌన్ పేపర్ అట్ట వేసి, బడిపిల్లల పుస్తకంలా. చూసిన ప్రతి పక్షినీ అందులో రాసేది. పేరు, చోటు, అప్పుడు అది చేస్తున్న పని. "పికిలిపిట్ట. మన దానిమ్మ చెట్టు. గూటికి నా తలవెంట్రుకే మోస్తోంది." ఇలా ఉండేవి ఆవిడ రాతలు. దానికో నియమం. తన కళ్ళతో చూడందే రాయదు. కూత వినబడితే రాయదు. పక్కవాళ్ళు చూశామంటే అసలే రాయదు. "పక్కవాళ్ళు చూసింది పక్కవాళ్ళ పుస్తకంలో రాసుకోమను" అనేది.

ఆవిడతో తిరగడమంటే ఓ యాతన. అయినా ఆ యాతన ఇప్పుడు తల్చుకుంటే ప్రాణం లేచొస్తుంది. మోండా మార్కెట్లో నేను తోటకూర బేరమాడుతుంటే ఈవిడ మెడ వెనక్కి విరిచి కరెంటు తీగల మీద ఎవరున్నారో చూసేది. సంచీ పట్టుకునే దిక్కుండేది కాదు. బన్సీలాల్‌పేట్ మెట్లబావి బాగుచేశాక చూద్దామని వెళ్ళాం. జనమంతా మెట్లని ఫోటోలు తీసుకుంటున్నారు. ఈవిడ గోడకన్నంలో కాపురం పెట్టిన గోరింకల జంటని చూస్తూ అరగంట కదల్లేదు. "నీళ్ళు చూడండి వదినా, ఎంత తేటగా ఉన్నాయో" అంటే, "నీళ్ళు ఎక్కడికీ ఎగిరిపోవులే" అంది.

అన్ని పక్షులున్నా ఆవిడ మనసంతా ఒకదాని మీదే. పేరు నీలగిరి షోలకిలి. షోలా అంటే ఆ నీలగిరి కొండ మడతల్లో ఇరుక్కుని పెరిగే పొట్టి చెట్ల అడవి. మేఘం పైనుంచి పోదు, చెట్ల మధ్యలోంచే పోతుంది. ఆ పక్షి ఆ కొండల పైన తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదట. కొండ దిగదట. "నాలాగే, మేడ దిగదు" అనేది వదిన. వెళ్ళి చూద్దామంటే ఒక ఏడు పరీక్ష పేపర్లు దిద్దడం, ఒక ఏడు మా అత్తగారి జబ్బు, ఒక ఏడు మా అమ్మాయి పురుడు. వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ జరిగిపోయింది.

ఇంతలో ఆవిడ బైనాక్యులర్ మసకబారింది. మోండా మార్కెట్ వెనక సందులో గడియారాలూ కళ్ళద్దాలూ బాగుచేసే సాయిబుగారు ఉన్నారు. మా పెళ్ళినాటి గోడగడియారం కూడా ఆయన చేతి మీదే నడుస్తోంది. ఆయనకిచ్చాం. తుడిచిచ్చాడు. వారం తిరక్కుండా మళ్ళీ మసకేనంది. మళ్ళీ ఇచ్చాం. మూడోసారి ఈవిడ గొడవపడదామనే వెళ్ళింది. ఆయన దాన్ని కంటికి పెట్టుకుని సందు చివర బోర్డు చదివాడు. తరవాత నా చేతికిచ్చాడు. నాకూ అక్షరం అక్షరం కనబడింది.

"ఏందమ్మా, గిట్ల పరేషాన్ అయితున్రు. దూర్బీన్ల ఏం తక్లీఫ్ లేదు. అద్దాలు సాఫ్ ఉన్నయి" అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "జెర కండ్ల డాక్టర్‌కు సుత సూపియ్యున్రి" అన్నాడు. ఆ వేళ ఆయన మా దగ్గర పైసా పుచ్చుకోలేదు.

నీటికాసులు, అదే గ్లకోమా, అన్నాడు డాక్టరు. కుడికన్ను దాదాపు పోయిందిట, ఎడమది పోతోందిట. పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో ఎన్నాళ్ళు కాపాడుకుంటే అన్నాళ్ళు. బయటికొచ్చి వదినా నేనూ ఆటో ఎక్కాం. మారేడ్‌పల్లి మలుపు తిరిగాక, "ఉన్నదాంతోనే షోలకిలిని చూసొచ్చేస్తా" అంది.

"నేనూ వస్తానండీ."

"నువ్వా? నీకు పిట్టంటే పిట్టే కదే!"

వెళ్ళాం. మాతో పాటు తెలుగు రాని వేరే వేరే ఊళ్ళవాళ్ళు ఐదుగురు, మెళ్ళో పెద్ద పెద్ద కెమెరాలతో. మమ్మల్ని తిప్పే గైడు ఆ కొండ మనిషే. తమిళం, కాస్త ఇంగ్లీషు. మూడు పొద్దులు మాకిచ్చిన గడువు. అబ్బ, ఏం చలి! మంకీ క్యాప్ మీద శాలువా చుట్టుకుని మేమిద్దరం చూడ్డానికే నవ్వొచ్చేలా ఉన్నాం. అడవిలోకి అడుగుపెట్టగానే ఊరి చప్పుడంతా ఆగిపోయింది. చెట్ల ఒంటినిండా నాచు, ఆకుల చివర్ల నుంచి నీళ్ళు. ఒక వాగు పక్కన అందర్నీ కూర్చోబెట్టి, గైడు వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. వదిన ముందు, వెనక నేను. చాలాసేపు ఏమీ లేదు.

అప్పుడు కనబడింది. నాకు. నాకు, ఆవిడకి కాదు. ఎండాకుల మీద, మాకు పది అడుగుల దూరంలో. ఆవిడ బైనాక్యులర్ పక్కకి తిప్పి ఎక్కడో వెతుకుతోంది. నాకు ఒళ్ళు తెలీలేదు.

"వదినా! పిట్ట! అదిగో పిట్ట!"

అంతే. "పిట్టా? పిట్టా? వేర్?" అంటూ ఆ ఐదుగురూ ఒక్కసారి లేచారు. ఒకాయన కెమెరా స్టాండు తన్నుకుని పడ్డాడు. ఒకావిడ వాగులో కాలేసింది. నాకేం అర్థం కాలేదు. పిట్ట అంటే పిట్ట కదా! ఆ తరవాత తెలిసింది. మన పొన్నంగి పిట్ట పేరులోంచి "పిట్ట" మాటని ఎప్పుడో తెల్లదొరలు పట్టుకెళ్ళి, ఇంగ్లీషులో ఆ ఒక్క జాతికే పేరు పెట్టేశారట. తొమ్మిది రంగుల పక్షి. అది ఇంత పైన కనబడిందంటే వాళ్ళు లేవరూ మరి! ఇన్నేళ్ళు నాతో దెబ్బలాడిన మనిషి ఈ ఒక్క ముక్క నాకు చెప్పలేదు.

షోలకిలి వెళ్ళిపోయింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. గైడు కూడా మొహం తిప్పుకున్నాడు. వదిన తిట్టినా బాగుండేది.

"నువ్వు చూశావా?" అనడిగింది, మెల్లిగా.

"చూశానండీ."

"ఎలా ఉంది?"

నాకు పుస్తకాల మాటలు రావు. "వీపంతా నీలిమందు ఎక్కువై పాడైన తుండుగుడ్డ రంగండీ. పొట్ట పక్కల చింతపండుతో తోమిన రాగిచెంబు. రెండు గెంతులు గెంతి తోకెత్తింది" అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. "బాగా చూశావే" అంది. ఆ మాటకి నాకు ఏడుపాగలేదు.

రెండో రోజు వాన. మూడో రోజు మంచు, ఇంకో పావుగంటలో బయల్దేరాలి. అప్పుడు గైడు చెయ్యెత్తాడు. ఈసారి నేను నోరు కుట్టేసుకున్నాను. వదిన గడ్డం పట్టుకుని అటు తిప్పాను. బైనాక్యులర్ వేలితో సరిచేశాను. నా చేతులు ఒకటే వణుకు. చాలాసేపటికి, "ఆఁ, చూశాను" అంది. "దొరికిందే పిల్లా!" అంది. గైడు వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపాడు. రైల్లో నేను మత్తుగా పడి నిద్రపోయాను. నా పాపం కొట్టుకుపోయింది కదా.

ఇది జరిగి మూడేళ్ళు. ఇప్పుడు వదిన ఎడమకంటికి కూడా వెలుగూ నీడా తప్ప ఏమీ తెలీవు. సాయంత్రాలు డాబా మీద కుర్చీ వేస్తాను. ఏదైనా వాలితే నేను పేరు చెప్తాను. తప్పు చెప్తే కూత విని దిద్దుతుంది. చూడలేని మనిషి చేతిలో నేను చివాట్లు తింటున్నాను, అదీ నా బతుకు. అప్పుడప్పుడూ ఆ పాత నోటుబుక్కు చదివించుకుంటుంది. మొన్న, "నీలగిరి పేజీ చదువు" అంది.

ఆ పేజీ నేనెప్పుడూ చూడలేదు. నీలగిరి పావురం ఉంది, ఇంకో నాలుగైదు ఉన్నాయి, ఒక్కోటీ ఎక్కడ ఏం చేస్తోందో. చివర ఇంతే ఉంది: "మూడో పొద్దు. మంచు. మరదలు వణుకుతోంది."

కింద ఖాళీ. తిరగేశాను. వెనక పేజీలోనూ లేదు.

అంటే ఆవిడ చూడలేదు. ఆ మంచులో ఆవిడకి కనబడింది వణుకుతున్న నా చేతులొక్కటే. నా కోసం నోటితో అబద్ధమాడింది గానీ పుస్తకంలో ఆడలేకపోయింది. ఆ ఖాళీ మీద వేలు పెట్టుకుని, రాసున్నట్టే చదివాను: "నీలగిరి షోలకిలి. వాగు పక్కన, ఎండాకుల మీద. రెండు గెంతులు గెంతి తోకెత్తింది."

వదిన నా వైపు తల తిప్పింది. కింద ఆటో ఏదో హారన్ కొడుతోంది.

"అలా రాశానా?"

"రాశారండీ."

"నా రాతేనా?"

"మీ రాతే."

"పెన్ను పట్రా" అంది. తెచ్చాను. "ఇప్పుడు చదివావే, అదక్కడ రాయి. పేరు అక్కర్లేదు. ఉత్తినే పిట్ట అని రాయి."

"పక్కవాళ్ళు చూసింది రాయకూడదంటారుగా వదినా" అన్నాను, ఏడుస్తూనే.

"నువ్వు పక్కదానివెలా అవుతావే?" అని కసిరింది.

పుస్తకం పిట్టగోడ మీద పెట్టుకుని రాశాను.