తూకుగుండు మేస్త్రి, నా వాలుగోడ

ఆ రోజుల్లో హోసూరులో డిప్లొమా సర్టిఫికెట్టు చేతికొచ్చిన ప్రతివాడూ తనను చూడగానే కొండలు పక్కకు జరుగుతాయని నమ్మేవాడు. నేనైతే ఇంకో మెట్టు పైనుండేవాణ్ణి. కాంట్రాక్టరు దగ్గర చేరిన మూడో నెలలోనే, కుందారపల్లి దగ్గర ఒక కల్యాణ మండపం వెనక, తవ్వేసిన గుట్ట జారిపడకుండా గోడ కట్టించే పని నాకు అప్పగించారు. గోడ వానాకాలం నిలబడితే ఉద్యోగం ఖాయం. లేకపోతే కెలమంగలం పోయి మా నాన్నతో పాటు పట్టుపురుగులకు ఆకు కోసుకోవాలి. (పురుగులకు నా డిప్లొమాతో పనిలేదు.)

అది సిమెంటు పెట్టకుండా కాంక్రీటు దిమ్మెలు ఒకదానిమీద ఒకటి పేర్చే కొత్తరకం గోడ. ప్రతి దిమ్మెకూ అడుగున, వెనకవైపు చిన్న గట్టు ఉంటుంది. అది కింది దిమ్మె వెనక అంచును పట్టుకుంటుంది కాబట్టి వరసవరసకూ కొంచెం వెనక్కి జరిగి, గోడ మొత్తం మట్టివైపు వాలుతుంది. ఆ వాలే దాని బలం. ఈ సంగతి మా మేస్త్రికి అరగంటసేపు, సగం ఇంగ్లీషులో, బోధించాను. ఆ పెద్దాయన జేబులో ఎప్పుడూ తూకుగుండు ఉండేది. (దారం వదిలి నిలువు చూడనిదే ఇంట్లో తలుపు కూడా వేయడని కూలీలు చెప్పుకునేవారు.) ఆయన ఓపిగ్గా తల ఊపాడు. ఒప్పుకున్నాడనుకుని నేను నీళ్లు పోయే గొట్టాలు తేవడానికి హోసూరు వెళ్లిపోయాను.

మూడో రోజు వచ్చేసరికి గోడ ఛాతీ ఎత్తు లేచింది, నిట్టనిలువుగా. పక్కన పగలగొట్టిన గట్ల ముక్కలు కుప్పగా పడున్నాయి.

“దిమ్మెదిమ్మెకీ ఒక వంకర మిగిలిపోయుండాదప్పా. అన్నీ సుత్తితో కొట్టేసినాను. గోడ వాలితే నీకే కదా చెడ్డపేరు” అన్నాడు మేస్త్రి, ఎంతో ప్రేమగా.

విప్పేయమని చెప్పడానికి నోరు తెరిచానో లేదో, కాంట్రాక్టరూ మండపం ఓనరూ కారు దిగారు. గోడ గీత గీసినట్టుందని ఓనరు మురిసిపోయాడు. కుర్రాడు గట్టివాడని కాంట్రాక్టరు నా భుజం తట్టాడు. తెరిచిన నోటితో నేను “థాంక్యూ సార్” అన్నాను.

మొదటి వానకే గోడకు బానపొట్ట వచ్చింది. కాంట్రాక్టరు కళ్లెర్ర చేస్తే నేను తడిమట్టి గురించీ, ఆ ఏటి వానల గురించీ ఏదేదో వాగుతున్నాను. మేస్త్రి నాకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

“ఆయప్ప వాలుగా కట్టమనే చెప్పినాడు సార్. నేనే వినకుండా గట్లు కొట్టేసినాను. విప్పి మళ్లా నేనే కడతాను.”

నా ఉద్యోగం అలా ఖాయమైంది. సిగ్గుతో ఆయన మొహం చూడలేకపోయాను. కొత్త దిమ్మెలు తెప్పించి మళ్లీ పని మొదలుపెట్టే ముందు ఆయన తూకుగుండు తీసి నా చేతిలో పెట్టి, అది జేబులో ఉంటే తన చెయ్యి ఊరుకోదనీ, దగ్గర పెట్టుకోమనీ అన్నాడు. గోడ అయ్యాక తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు.

ఆ గోడ ఇవాళ్టికీ వెనక్కి వాలి హాయిగా నిలబడి ఉంది. ఇప్పుడు కుర్ర ఇంజనీర్లు నాకు కంప్యూటర్లో ఏవేవో చూపించి బోధిస్తుంటే ఓపిగ్గా తల ఊపుతాను. ఒప్పుకున్నాననుకుని వెళ్లిపోతారు పాపం. వాళ్లు పోయాక సొరుగులోంచి తూకుగుండు తీసి దారం వదులుతాను. అది ఎప్పుడూ తిన్నగానే నిలుస్తుంది. కాంట్రాక్టరు కారు దిగిన ఆ రోజున నేను నిలవలేకపోయానే అని నవ్వుకుని, దారం చుట్టి మళ్లీ సొరుగులో పెడతాను.