ఒర్లి మాట్లాడేటోళ్లం

సిరిసిల్లల నేను సాంచలు నడిపే షెడ్డు మూతపడ్డది. గా మరమగ్గాల పనే బొంబాయి కాడి భీవండిల దొరికిందని భార్యను, నాలుగేండ్ల బిడ్డను, సామానును కిరాయి వ్యాన్ల ఎక్కించుకొని బయలెల్లిన. భైంసా కాడ ఒక చిన్న హోటల్ ముంగట ఆగినం.

"పెద్దమ్మా, మూడు చాయ్!" అన్న.

హోటలామె ఉలిక్కిపడ్డది. "జర మెల్లగ చెప్పు బిడ్డా. సాంచలు నడిపినవా?"

"నీకెట్ల తెల్సు?"

"మా ముసలాయన గూడ గిట్లనే ఒర్లేటోడు. భీవండిల ఇరవై ఏండ్లు నడిపిండు." బల్ల మీద కూసున్న ముసలాయన మా పెదవుల దిక్కే చూస్తుండు. "గిప్పుడు నేను ఒర్లినా ఆయనకు ఇనపడదు."

సాంచల చప్పుడుల ఒర్లితెనే మాట ఇనపడ్తది. షెడ్డుల అందరం గట్లనే మాట్లాడుకునేటోళ్లం. చెవులు పోతున్నయని ఎవ్వరం అనుకోలే.

చాయ్ తాగి వ్యాన్ ఎక్కినం. డ్రైవర్ ఇంకా రాలే, ఇంజన్ చప్పుడు సుత లేదు. పక్కన నా భార్య పెదవులు కదిలినయి.

"ఏందీ?" అన్న.

ఆమె మళ్ల అన్నది. మళ్ల "ఏందీ?" అన్న. ఆమె మొఖం తిప్పుకున్నది.

ఆమె ఒళ్లె కూసున్న బిడ్డ నా చెవి కాడికి వంగి ఒర్లింది: "మనింటికే పోదామంటున్నది బాపూ!"