మా ఊరు రెక్క కిందికి దూరింది

మొన్న ఆదివారం నేను విమానం నడుపుకుంటూ మన నాగాయలంక దాకా వచ్చాను. వచ్చి, మా ఊరిని చూడకుండానే వెళ్ళిపోయాను! అదిగో, అప్పుడే నవ్వుతున్నారు. ముందు వినండి.

ఇదంతా నేను ఫ్లయింగ్ క్లబ్‌లో చేరిన రోజే మొదలైంది. హైదరాబాద్‌లో మా క్లబ్ షెడ్డులో నేర్చుకునేవాళ్ళ కోసం రెండు విమానాలున్నాయి. రెండూ రెండేసి సీట్లవే. ఒకదానికి రెక్క మన నెత్తి మీద ఉంటుంది. ఇంకోదానికి మన కాళ్ళ దగ్గర.

మూర్తి గారని మా ఇన్‌స్ట్రక్టర్. ఎయిర్‌ఫోర్స్‌లో చేసి రిటైరైన మనిషి. ఆయన వాటి ముందు నన్ను నిలబెట్టి, "చూడమ్మా నాగలక్ష్మీ, రెక్క పైనుంటే కింద నేలంతా కనిపిస్తుంది. కొత్తలో దారి పోల్చుకోవడం సులువు. రెక్క కిందుంటే దిగేటప్పుడు మెత్తగా కూర్చుంటుంది, కానీ పైన అంతా అద్దమే, ఎండకి మాడిపోతావ్. రెంట్లోనూ ఎక్కి కూర్చుని చూడు. ఏదో ఒకటి అనుకుని దాని మీదే నేర్చుకో" అన్నారు.

ఎంత చక్కగా చెప్పారో చూడండి! నేను విన్నానా? పైరెక్కది పాతది, రంగు వెలిసిపోయి, గొడుగేసుకుని బస్సు కోసం నిలబడ్డ మాస్టారిలా ఉంది. కిందిరెక్కది తెల్లగా, ఎర్ర చారతో, ఇప్పుడే యుద్ధానికి బయల్దేరుతున్నట్టుంది. పక్కన నిలబడి ఫొటో దిగితే ఏది బాగుంటుంది? అంతే, నా లెక్క అదొక్కటే!

"ఇదే సార్" అన్నాను.

"కూర్చుని చూడవా?"

"అక్కర్లేదు సార్, నచ్చేసింది."

ఆయన నా వంక ఒకసారి, ఆ ఎర్ర చార వంక ఒకసారి చూశారు.

సరే, నెలలు గడిచాయి. నేర్చుకున్నాను, మాడాను కూడా. మొన్న లాంగ్ ట్రిప్ వచ్చింది. హైదరాబాద్ నుంచి గన్నవరం, అక్కడ పెట్రోలు పోయించుకుని ఏటి వెంబడే సముద్రం దాకా, మళ్ళీ గన్నవరం. నేను ఊరుకుంటానా? ముందురోజే మా ఊరి ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసి నాన్నని పిలిపించాను. "నాన్నా, రేపు పొద్దున మన ఊరి మీద చుట్టు తిరుగుతా. అందర్నీ గట్టు మీదికి తీసుకురా!"

మా నాన్న నాంచారయ్య పుట్టిందగ్గర్నుంచీ సముద్రం మీద చేపల వేట చేసిన మనిషి. ఆయన కూతురు గాల్లో వస్తానంటోంది. "గాలి చూసుకుని రామ్మా" అన్నాడు.

తెల్లారింది, మూర్తి గారూ నేనూ ఎగిరాం. గన్నవరం దాటాక ముందంతా పచ్చదనమే. వరి, కాలవలు, మళ్ళీ వరి. పులిగడ్డ దగ్గర ఏరు రెండుగా చీలి దివిసీమని రెండు చేతుల్లోకి తీసుకున్నట్టుంది. అదిగో నాగాయలంక! అదిగో, దాని పక్కన మా ఊరు! దగ్గరికొస్తోంది, దగ్గరికొస్తోంది, ఇంకొక్క నిమిషం... గబుక్కున రెక్క కిందికి దూరింది.

ఎడమకి వంగి చూశాను. రెక్క. ముందుకి వంగాను. రెక్క. తల వెనక్కి తిప్పాను. ఆ తెల్ల రెక్కా, ఆ ఎర్ర చారా!

"సార్, ఊరు కనబడట్లేదు సార్!"

మూర్తి గారు పక్కనుంచి తాపీగా, "ఫొటోకి బాగుంటుందిగా ఇది" అన్నారు. ఆ రోజే కనిపెట్టేశారన్నమాట! నా మొహం చూసి జాలేసినట్టుంది, "సరే, ఏటి మీదికి వెళ్ళి రెక్క వంచు" అన్నారు.

వంచాను. అబ్బ! ఎలా చెప్పను మీకు? నేలంతా లేచి గోడలా నిలబడింది. రొయ్యల చెరువులు ఒకదాని తర్వాత ఒకటి ఎండకి తళుక్కుమంటున్నాయి. మడ అడవి నల్లగా, దాని మధ్య నీటి పాయలు చెట్టు కొమ్మల్లా. దూరంగా ఏటి నీళ్ళు సముద్రంలోకి వెళ్ళి కూడా కలవకుండా, ఎర్రగా, అలాగే ముందుకి సాగిపోతున్నాయి. ఆ నీళ్ళ మీద నలకలంత పడవలు. మా నాన్న బతుకంతా తిరిగింది ఈ నీళ్ళ మీదే కదా! ఇంత పెద్ద నీళ్ళ మీద, అంత చిన్న పడవలో! నేను నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాను. విమానం నడుపుతున్నది నేనేనన్న సంగతి గుర్తే లేదు.

"హైట్! హైట్ చూడు! దిగిపోతున్నాం!" మూర్తి గారు అరిచి, కంట్రోల్స్ లాక్కుని సరిచేశారు. కాసేపయ్యాక ఆయన, "ఇంతకీ ఏది మీ ఊరు?" అన్నారు.

చూశాను. ఏటి ఒడ్డున ఒక ఊరు. కొబ్బరిచెట్లు, రేవు, ఐస్ ఫ్యాక్టరీ రేకుల షెడ్డు. కొంచెం అవతల ఇంకో ఊరు. కొబ్బరిచెట్లు, రేవు, రేకుల షెడ్డు! మెలికలు తిరుగుతూ వచ్చామేమో, ఏ ఒడ్డు ఎటుందో కూడా తెలియట్లేదు. పుట్టి పెరిగిన ఊరిని పోల్చుకోలేనని ఆయనకెలా చెప్పను? "అదే సార్!" అని ధైర్యంగా చూపించేశాను. దాని చుట్టూ తిరిగాం, ఒకసారి కాదు, రెండుసార్లు. రేవులో జనం చేతులూపుతుంటే నేను ఏడుస్తూ చెయ్యి ఊపాను.

గన్నవరంలో దిగగానే బూత్‌కి పరిగెత్తి మా ఊరికి ఫోన్ చేశాను. నాన్న మా ఊరి బూత్‌లోనే కాచుకుని ఉన్నాడు.

"చూశావా నాన్నా?"

"చూశాం తల్లీ. ఊరంతా గట్టు మీదే ఉన్నాం. మా నెత్తి మీంచి చక్కగా వచ్చావు. వచ్చినదానివి ఆగకుండా ఏరు దాటిపోయి, ఆ గుంటూరు జిల్లావాళ్ళ ఊరి చుట్టూ రెండు చుట్లు తిరిగావేంటి? అక్కడ మనకెవరూ లేరు గదమ్మా!"

ఈలోగా అమ్మ ఫోన్ లాక్కుంది. ఆవిడకి ఏ జిల్లా అయినా ఒకటే. ఒకటే సంబరం.

"ఒసేయ్ నాగలక్ష్మీ, పైనుంచి మన ఊరెలా ఉందే?"

"చాలా అందంగా ఉందమ్మా" అన్నాను. "ఎవరిదో గానీ!"