రింగు కింద చేతులెత్తి నిలబడ్డవాళ్ళం

కోరుట్లలో నాది టెంట్‌హౌస్. షామియానా కట్టడానికి నాకు నిచ్చెన అక్కర్లేదని గిరాకీలు అనుకుంటారు. నేనూ కాదనను. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి ఏం చెప్పినా జనం తల పైకెత్తి వింటారు. మెడ నొప్పి పుట్టేలా వినేవాడు, విన్నది అబద్ధమని ఒప్పుకోడు.

సిరిసిల్లలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ బాస్కెట్‌బాల్ టీములో ఉన్నాను. అంతవరకు నిజం. ఓసారి ఎగిరితే చెయ్యి రింగులో ఇరుక్కుపోయిందనీ, పక్కనే బట్టలు నేసే సాంచాల కార్ఖానా నుంచి నిచ్చెన తెచ్చి దింపారనీ, ఆలోపు పైనే వేలాడుతూ ఒక చాయ్ తాగాననీ ఇక్కడి హోటల్లో చెబుతుంటాను. నా ఆట చూసినవాడు కోరుట్లలో ఒక్కడూ లేడన్నదే నా ధైర్యం.

జరిగింది వేరు. మా సారు పొట్టివాళ్ళకు బంతి కొడుతూ పరుగెత్తడం నేర్పాడు, చూడకుండా అందించడం నేర్పాడు. నా దగ్గరికొచ్చి, “నువ్వు రింగు కింద చేతులెత్తి నిలబడు, చాలు” అన్నాడు. డిగ్రీ అయ్యేదాకా నిలబడ్డాను. పొరపాటున బంతి చేతికొస్తే నిప్పు తగిలినట్టు పక్కవాడికి ఇచ్చేసేవాణ్ణి. పొడుగువాడికి పొడుగే విద్య అనుకునే రోజులు. ఇప్పుడు మారాయని కాదు.

మొన్న చలికాలంలో మా ఊరి కాలేజీ పీడీ సారు హోటల్‌కే వచ్చి పట్టుకున్నాడు.

“అన్నా, వీర్నపల్లి పోరడొకడు దొరికిండు. నీకంటె రెండు వేళ్ళు ఎక్కువనే ఎత్తుంటడు. యూనివర్సిటీ టీముల రింగు కాడ ఆడేటోని జాగ ఒక్కటే ఖాళీ ఉన్నదట. జగిత్యాల మ్యాచుల్ల చూసి తీసుకుంటరు. పోరనికి గిదే ఆఖరి యేడు. నాది వాలీబాల్, గీ ఆట లోతు నాకు తెల్వది. జర నువ్వు నేర్పరాదే.”

రాదని చెప్పడానికి అదే సమయం. కానీ చుట్టూ బల్లల దగ్గర నా కథలు విన్నవాళ్ళే కూర్చున్నారు.

“పంపు సారూ. పులిని జేసి ఇస్త” అన్నాను.

తెల్లారి వాడు వచ్చాడు. వాళ్ళ నాన్న కల్లు గీస్తాడు, వీడు కోరుట్లలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు. బంతిని నిండు కుండలా రెండు చేతులా పట్టుకుని అడిగాడు: “కాకా, బంతి చేతికొచ్చినంక ఎట్ల తిర్గాలె? ఎనుక అడ్డం నిలబడుతరు గదా.”

సరిగ్గా నేను సిరిసిల్లలో అడగాలనుకుని అడగని ప్రశ్న. నాకు జవాబు తెలియదు. నోరు మాత్రం ఆగలేదు.

“మోకు తిరుగుడు అని ఒకటున్నదిరా. నేను కనిపెట్టిందే. మీ బాపు చెట్టెట్ల ఎక్కుతడు?”

“నడుముకు, చెట్టుకు కలిపి మోకు తాడేసుకొని, ఎనుకకు ఒరిగి, ఒక కాలు ఎనుక ఇంకో కాలు.”

“గంతే! ఎనుకున్నోడే నీకు మోకు. వాని మీద ఒరుగు, కాళ్ళు మార్చుకుంట తిరుగు. మా తాత కల్లుగీతలకెల్లి నేను తీసిన విద్య గిది.”

ఆదివారం ఊరికి పోయి వాళ్ళ నాన్న పాత మోకు నిజంగానే తెచ్చాడు. దాన్ని రింగు స్తంభానికి కట్టి, నడుముకు వేసుకుని, రోజూ పొద్దున వెనక్కి ఒరిగి కాళ్ళు మార్చేవాడు. నేను నా టెంట్‌హౌస్ కుర్చీ వేసుకుని కూర్చుని “శభాష్” అనేవాణ్ణి. వాడి చెమట చూస్తుంటే, నిజంగానే ఇలాంటి విద్య ఉండి ఉంటుందేమో అని నాకే అనిపించేది.

జగిత్యాలలో మాకు ఎదురు టీములోనూ ఒక పొడుగువాడు ఉన్నాడు. మావాడికంటే జానెడు తక్కువ. వాళ్ళకు నేర్పే మేడం అతణ్ణి పొట్టివాళ్ళతో పాటే పరుగెత్తించి అన్నీ నేర్పిందని చూడగానే తెలిసింది. బంతి అందగానే ఒక కాలు నేలకు అతికించి, రెండో కాలితో సుతారంగా తిరిగాడు. ఇద్దరు మీద పడితే, ఖాళీగా ఉన్నవాడికి అందించాడు. టీమంతా అతని చుట్టూ తిరిగింది. రింగు కింద నిలబడ్డవాడు ఆటను నడిపించగలడని నా వయసుకు అప్పుడు తెలిసింది.

మావాడికి బంతి వచ్చింది. వెనక్కి ఒరిగాడు, కాళ్ళు మార్చాడు. బంతి పట్టుకుని నడిచాడని విజిల్. మళ్ళీ ఒరిగాడు, మళ్ళీ విజిల్. ఆ తర్వాతిసారి వెనకున్నవాడు తెలివిగా పక్కకు తప్పుకున్నాడు. మావాడు నిలువునా వెల్లకిలా పడ్డాడు.

“ఓ గౌడ్ సాబ్! చెట్టేడ పోయిందే?” అని ఎవడో అరిచాడు. కోర్టంతా నవ్వింది.

పడ్డచోటి నుంచే వాడు నా వైపు చూశాడు. నేను వంగి బూట్ల లేసులు సర్దుకున్నాను. కాళ్ళకున్నవి చెప్పులు.

ఆ జాగ ఎదుటి టీము పొడుగువాడికి పోయింది. ఆటగాళ్ళను ఎంచడానికి వచ్చినాయన మా పీడీ సారుతో, “మీవోనికి ఎత్తున్నది సార్. నేర్పినోడే లేడు” అని వెళ్ళిపోయాడు.

బస్టాండులో పీడీ సారు వాడి మీద పడ్డాడు. “గంత పెద్ద ప్లేయర్ను తెచ్చి నేర్పిస్తి గదరా! మానం తీసినవ్.”

వాడు తల వంచుకుని అన్నాడు: “కాకా మంచిగనే చెప్పిండు సార్. నాకే ఒంటబట్టలె.”

నా చెవులు కాలిపోయాయి. “సారూ, వాన్ననకు. నాకు ఆట రాదు. మోకు లేదు గీకు లేదు, అంత నేనల్లిందే. సిరిసిల్లల నేను ఉత్తగ నిలబడ్డ, గంతే” అన్నాను.

పీడీ సారు పగలబడి నవ్వాడు. “సూడు, ఓడిపోయినా మనోడు నవ్విస్తడు! ఏం మనిషివే అన్నా” అని వీపు తట్టి, చాయ్ చెప్పడానికి పోయాడు.

వాడు నవ్వలేదు.

“నాకెర్కనే కాకా.”

“ఎప్పటిసంది?”

“రెండో దినమే. ఒక్కసారి తిరిగి జూపియ్యమంటె నడుం నొప్పన్నవు గదా.”

“మరి దినాం ఎందుకచ్చినవురా?”

“ఇంకెవలున్నరు కాకా?” అన్నాడు. “చిన్నప్పటిసంది అందరు నన్ను నిలబడు, నిలబడు అనుడే. తిరుగు అన్నది నువ్వొక్కనివే.”

కోరుట్ల బస్సు వచ్చింది. సీటు మధ్యలో వాడి మోకాళ్ళు పట్టకపోతే నేను పక్కకు జరిగి చోటిచ్చాను. మేడిపల్లి దాటినా వాడి ముఖంలోకి చూడలేకపోయాను.