పిల్లర్‌ని చివర కొట్టాలి

మా సమ్మెట మావయ్య కూల్చిన ఇళ్ళ రాళ్ళన్నీ పేరిస్తే చంద్రుడి దాకా మెట్లు కట్టొచ్చు. పాత మేడలు పడగొట్టడం ఆయన పని. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే గోడలు తమంతట తామే సున్నం రాల్చుకునేవి. ఇందులో అబద్ధం ఉంటే పావు వంతే. తొమ్మిదో తరగతిలో బడిని క్షమించి వదిలేసి, ఆయన దగ్గర పనికి చేరిన మేనల్లుణ్ణి నేను. నాకు లెక్కలు అంతకన్నా కచ్చితంగా రావు.

ఆ చేతులు ఇంటికొచ్చినా ఊరుకునేవి కావు. ఆయన కూతురు పదో తరగతి. మేమంతా పిడుగు అంటాం. నర్సు కావాలని దాని కోరిక. పబ్లిక్‌కి ముందు పెట్టిన పరీక్షలో లెక్కల్లో నూటికి పద్దెనిమిది తెచ్చుకుంది.

"పబ్లిక్‌లో కూడా తప్పావో, మర్నాడే నెత్తిన తట్ట పెడతా. మాతోపాటు రాళ్ళు మోద్దువుగాని" అని మావయ్య ఒట్టేశాడు. ఆయన ఒట్టేశాక గోడైనా మనిషైనా నిలబడ్డ దాఖలా లేదు.

రోజూ సాయంత్రం పుస్తకంలో అన్నిటికన్నా కష్టమైన లెక్క తీయించేవాడు. "పెద్దది విరిగితే చిన్నవి వాటంతటవే రాలతాయి" అనేవాడు. చేతిలో మూరెడు రబ్బరు పైపు. పిల్ల తడబడితే వీపు మీద ఒకటి. ఏడుస్తూ అదే పేజీ ఇరవైసార్లు పైకి చదివేది. పుస్తకం మూస్తే ఒక్క ముక్క మిగిలేది కాదు. మళ్ళీ పైపు. అత్త అడ్డం వస్తే అత్త చేతికీ తగిలేది. ఏ కథకైనా నాలుగు కాళ్ళు తగిలించే రకాన్నే నేను. కానీ ఆ పిల్ల భుజం మీది వాతలను అంగుళం కూడా పెంచి చెప్పడం లేదు.

ఒక ఆదివారం మూడంతస్తుల మేడ పడగొడుతున్నాం. పిడుగు క్యారియర్ తెచ్చింది. చూసే కళ్ళు ఎదురుగా ఉంటే నా కండలు ఊరుకుంటాయా?

"చూడవే, ఒక్క దెబ్బకు ఇల్లు ఎలా చతికిలబడుతుందో!" అని సమ్మెట ఎత్తి నేరుగా పిల్లర్‌ని బాదాను. మొదటి మూడు దెబ్బలు దానికి చక్కిలిగింతలు. నాలుగో దెబ్బకు పైన బీము పెటిల్లుమంది. బండి చక్రమంత స్లాబు పెచ్చు ఊడి నా కాలి మీద పడింది. మోకాలి కింద ఎముక విరిగిన చప్పుడు నా చెవులతో నేనే విన్నాను. బూటు రక్తంతో నిండింది.

మావయ్య పక్క గదిలోంచి పరుగెత్తుకొచ్చి, దుమ్ములోంచి నన్ను బయటికీడ్చి, విరిగిన కాలు చూసి కూడా రెండు చెంపలూ వాయించాడు.

"ఒరే గాడిదా! ముందు ఇల్లంతా చుట్టి చూశావా? తట్టి విన్నావా? బోలుగా పలికిన చోట సుద్దతో గుర్తు పెట్టుకో, లేకపోతే అదే మీద పడుతుందని ఎన్నిసార్లు చెప్పాను? తలుపులు, కిటికీలు, వదులుగా ఉన్నవన్నీ ముందు తియ్యాలి. పిల్లర్‌ని చివర కొట్టాలిరా, చివర!"

"చివరికి విరిగింది నా కాలే మావయ్యా" అన్నాను. ఇంకొకటి పడింది.

ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని రెండో రోజు మావయ్య ఇంట్లోనే మంచమెక్కాను. సాయంత్రం కాగానే ఆయన పైపు అందుకున్నాడు.

"తియ్యవే పుస్తకం. ఆ కష్టమైన లెక్కే."

పిడుగు కదల్లేదు. "బావని ఎందుకు కొట్టావు నాన్నా?"

"ఎకాయెకిన పిల్లర్ మీద పడ్డాడు గనక."

"మరి నన్ను రోజూ దాని మీదికే తోస్తున్నావుగా. అది నా మీద పడితే మళ్ళీ నన్నే కొడుతున్నావు."

పైపు లేచింది. పిల్ల కళ్ళు మూసుకుంది గానీ వెనక్కి తగ్గలేదు. పైపు దిగింది, నా మంచం కోడు మీద. కట్టులో ఉన్న కాలు జిల్లుమని ప్రాణం తోడేసింది. నా కేకకు వీధి చివర కుక్కలు కూడా సమాధానం చెప్పాయి.

మావయ్య ఒకసారి నా కట్టు వైపు, ఒకసారి కూతురి వైపు చూసి పైపు కింద పెట్టాడు. జేబులోంచి సుద్దముక్క తీశాడు. ఆయనకు అక్షరం ముక్క రాదు. "పుస్తకం ముయ్యి. నాకర్థమయ్యేలా చెప్పు. తట్టి చూద్దాం" అన్నాడు.

ఆగకుండా చెప్పిన పాఠం గట్టిది. తడబడిన పాఠానికి గోడ మీద ఒక ఇంటూ గుర్తు. మర్నాడు అవే పాఠాలు అడిగి తట్టేవాడు, రెండు రోజులాగి మళ్ళీ తట్టేవాడు. గట్టిగా పలికితేనే గుర్తు చెరిపేవాడు. ఆదివారాలు పాత ప్రశ్నపత్రం ఇచ్చి, గడియారం ఎదురుగా కూర్చుని మూడు గంటలూ రాయించాడు. పిల్ల నీళ్ళు నమిలినప్పుడల్లా ఆయన చెయ్యి పైపు కోసం తడుముకునేది. అత్త దాన్ని నా పరుపు కింద దాచింది. కదలలేని కాపలావాణ్ణి కదా, నన్ను మించినవాడు ఎవడు?

పరీక్ష రాసి వచ్చి పిడుగు ముందు నాకే చెప్పింది. "మొదటి ప్రశ్నే పిల్లర్, బావా. దాన్ని అలాగే వదిలేశాను. పేపరంతా ఒకసారి చుట్టి వచ్చాను. వచ్చినవన్నీ ముందు పీకేశాను. చివరి అరగంట దాన్ని బాదాను. సగమే విరిగింది. ఆ సగమూ రాసొచ్చాను."

నూటికి నలభై ఆరు. తట్ట తప్పింది.

ఫలితం తెలిసిన పొద్దున మావయ్య నా పరుపెత్తి పైపు తీశాడు. వాకిట్లో రాతి మీద పెట్టి, ఇల్లు కూల్చేంత కోపంగా సమ్మెటతో ఒక్కటి వేశాడు. రబ్బరు విరుగుతుందా? ఎగిరొచ్చి ఆయన చెంప మీద చెళ్ళుమంది. ఎర్రగా వాత తేలింది. నేను నవ్వబోయి పిడుగు మొహం చూసి ఆగాను. అది కూరగాయల కత్తి తెచ్చి తండ్రి ముందు నిలబడింది.

"నొప్పేసిందా నాన్నా?"

ఆయన చెంప పట్టుకుని తలూపాడు.

"ఊఁ. అలాగే ఉంటుంది" అంటూ కత్తి చేతికిచ్చింది.

మావయ్య తల వంచుకుని, పైపును ముక్కలు ముక్కలుగా కోశాడు.